పొట్ట తగ్గాలి, కండ మిగలాలి

మా జిమ్ముకు కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే వరసలో మొదలుపెడతారు. ముందు అన్నం మానేస్తారు. మర్నాటి నుంచి ట్రెడ్‌మిల్ మీద పరుగు. బరువుల సంగతి అడిగితే "అవన్నీ సన్నబడ్డాక చూద్దాంలే అక్కా" అంటారు. నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి, ఇక్కడే వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుని, ఇప్పుడు పొద్దున ఆడవాళ్ల బ్యాచ్, సాయంత్రం కొట్లవాళ్ల బ్యాచ్ నడుపుతున్నాను. నేను చెప్పే వరస వేరు. ముందు బరువులు, తర్వాత పళ్లెం, ఆఖర్న నడక.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒంటి బరువును బట్టి కేటగిరీలుంటాయి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మా ఊరి రవికుమార్ బంగారు పతకం కొట్టింది 69 కిలోల కేటగిరీలో. అంటే తూకం వేసేటప్పుడు మనిషి 69 కిలోలు దాటకూడదు, బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) మీద బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గకూడదు. ఒళ్లు తగ్గాలి, బలం పోకూడదు. లిఫ్టర్లకు ఇది రోజూ ఉండే లెక్కే. అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్లకి కావలసిందీ అదే, కాకపోతే వాళ్లు దాన్ని "బరువు తగ్గాలి" అని అడుగుతారు. వట్టి బరువు తగ్గడం పెద్ద పని కాదు. నాలుగు రోజులు విరేచనాలైనా తగ్గుతుంది.

తిండి తగ్గించగానే ఒళ్లు నిల్వల మీద పడుతుంది. కొవ్వును కరిగిస్తుంది, దాంతోపాటు కండనూ కరిగిస్తుంది. కొట్టు నష్టాల్లో పడితే యజమాని పని లేని గుమస్తానే ముందు మాన్పిస్తాడు కదా, ఒళ్లూ అంతే. కండకు పని చెప్పారా, అది ఉంటుంది. పని లేదా, పోతుంది. ఆ పని చెప్పేది బరువులే. అందుకే అన్నం తగ్గించిన రోజునే బార్ పట్టుకోవాలి. సన్నబడ్డాక పట్టుకుంటానంటే అప్పటికి కాపాడుకోవాల్సిన కండలో కొంత పోయే ఉంటుంది. చేతులు సన్నగా, పొట్ట మెత్తగా మిగిలిన మనుషుల్ని మీరూ చూసే ఉంటారు.

వారానికి మూడు రోజులు చాలు. సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి, రోజుకు ముప్పావు గంట. "ఈ రోజు ఛాతీ, రేపు బైసెప్స్" అని పంచుకునేది ఆరు రోజులూ వచ్చే కుర్రాళ్లకి. కొట్టు తాళం వేసి వచ్చే మనిషికి ప్రతిసారీ ఒళ్లంతా చేయించడమే నయం, ఒక రోజు తప్పినా ఏ భాగమూ ఎండిపోదు. ఒక రోజు స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టడం) లేదా పుష్‌అప్స్, రోయింగ్ (బరువును పొట్ట వైపు లాక్కోవడం). ఇంకో రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని పిరుదుల దగ్గర వంగి లేవడం), షోల్డర్ ప్రెస్ (బరువును తల పైకి నెట్టడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం). ఈ రెంటినీ మార్చి మార్చి చేయండి. ఒక్కోదానికి వార్మప్ కాకుండా మూడు సెట్లు, సెట్టుకు 8 నుంచి 12 రెప్స్, అంటే ఆగకుండా అన్నిసార్లు ఎత్తడం. సెట్ అయ్యాక "ఇంకో రెండు లేపగలను, మూడోది లేవదు" అనిపించాలి. ఇంకో పది లేపగలను అనిపిస్తే అది వార్మప్పే. మూడు సెట్లలోనూ 12 వచ్చాయంటే తర్వాతిసారి రెండున్నర కిలోలు కలపండి. రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. ఫోన్లో రాసుకుంటామనేవాళ్లు రీల్స్ చూస్తూ కూర్చోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇందులో రెండింటిని జాగ్రత్తగా నేర్చుకోవాలి. పట్టు చీరల కొట్లలో పరుపు మీద మఠం వేసుకుని పొద్దస్తమానం కూర్చునేవాళ్లు స్క్వాట్‌కి దిగితే మడమలు లేచిపోతాయి, మోకాళ్లు లోపలికి పడతాయి. వాళ్లకి వెనక ఒక ప్లాస్టిక్ స్టూలు వేస్తాను. గుండెల దగ్గర ఒక డంబెల్ పట్టుకుని, స్టూలు తగిలీ తగలకుండా కూర్చుని లేవాలి. తర్వాత దానికన్నా పొట్టి స్టూలు. ఆ తర్వాత స్టూలు తీసేస్తాను.

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కి అయితే గోడే గురువు. గోడకు అడుగు దూరంలో, వీపు గోడవైపు పెట్టి నిలబడండి. మోకాళ్లు కాస్త సడలించి, నడుము గూని కట్టకుండా పిరుదుల్ని వెనక్కి నెట్టి గోడకు తాకించండి. తాకాక రెండంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చేయండి. తొడల వెనక కండ లాగినట్టు ఉండాలి. నడుము లాగితే తప్పు చేస్తున్నట్టు. ఇల్లు తుడిచేటప్పుడూ, నీళ్ల బిందె ఎత్తేటప్పుడూ ఇలాగే వంగడం అలవాటయ్యాక మా పొద్దున బ్యాచ్‌లో నడుంనొప్పి మాటలు బాగా తగ్గాయి.

ఇక్కడ ఒక్క మాట. "కటింగ్ (కొవ్వు తగ్గించే) టైమ్ కదా, తేలిక బరువు, ఎక్కువ రెప్స్" అని జిమ్ముల్లో చెప్పే సలహా పట్టించుకోకండి. ఇంతకుముందు 40 కిలోలు ఎత్తే కండను 15 కిలోలకు దించితే అంత కండ అక్కర్లేదని ఒంటికి మీరే చెప్పినట్టు. తిండి తగ్గిన రోజుల్లో సెట్లు ఒకటి తగ్గించుకోండి, పర్వాలేదు. బార్ మీద బరువు మాత్రం దించకండి. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామని భయపడే అమ్మాయిలకు కూడా చెప్తున్నా, అంత కండ పెరగడానికి కావలసిన హార్మోన్లు మనకు లేవు. ఉంటే నేను ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

ఇక పళ్లెం. అసలు కథంతా ఇక్కడే.

కొవ్వు తగ్గాలంటే ఖర్చయ్యే దానికన్నా తక్కువ తినాలి, దీన్ని దాటుకుపోయే దారి లేదు. ఎంత తక్కువ అనేదే ప్రశ్న. రోజుకు 300 నుంచి 500 కేలరీలు తగ్గిస్తే చాలు. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి ఈ లెక్కన నెలకు కిలో పైచిలుకు నుంచి రెండు కిలోల దాకా తగ్గుతారు. పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని వెయ్యి కేలరీలు కోసేవాళ్లు అంతకన్నా త్వరగా తగ్గుతారు. కానీ వాళ్లకి బార్ లేవదు, నిద్ర పట్టదు, పెళ్లిలో మిఠాయి కనిపిస్తే ఆగరు.

రెండోది ప్రొటీన్. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాములు అని చెప్తుంది. అది లోటు రాకుండా ఉండడానికి. బరువులెత్తుతూ, తిండి తగ్గిస్తూ కండ నిలుపుకోవాలంటే 1.6 గ్రాముల దాకా కావాలి. లావుగా ఉన్నవాళ్లు ఇప్పుడున్న బరువు మీద కాకుండా చేరాలనుకున్న బరువు మీద లెక్క కట్టుకోండి. ఇప్పుడు 78 ఉండి 68కి రావాలనుకునే మనిషికి 110 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లూ, బీపీ ఉన్నవాళ్లూ ఇవన్నీ మార్చేముందు డాక్టరుకు చెప్పండి.

నూటపది గ్రాములు అనగానే అందరూ ప్రొటీన్ పొడి డబ్బా వైపు చూస్తారు. బరంపురం వీధుల్లోనే చూద్దాం రండి. పొద్దున్నే ఘుగునీ (బఠాణీల కూర) బండి దగ్గర అడ్డాకు దొన్నెలో మూడు బరాలు (గారెలు) వేసి, పైన ఒక గరిటె ఘుగునీ పోస్తాడు. ఆ మూడు బరాలూ నూనె పీల్చుకుని 300 కేలరీలకు తక్కువుండవు. బఠాణీల ఘుగునీలో మాత్రం ప్రొటీన్ ఉంది, పీచు ఉంది. కాబట్టి తిరగేసి చెప్పండి: "భాయ్, బరా ఒకటి, ఘుగునీ రెండు గరిటెలు." రెండుసార్లు చెప్తే మూడోసారి మీ ముఖం చూడగానే అలాగే కడతాడు. పక్కన ఉడకబెట్టిన గుడ్లు అమ్మేవాడు ఉంటే మూడు గుడ్లు, పచ్చసొనతో సహా. గుడ్డుకి 6 గ్రాముల లెక్కన 18, ఘుగునీతో ఇంకో 8. పొద్దుటికి 26 అయింది.

మధ్యాహ్నం చేపలు. గోపాలపూర్ నుంచి వచ్చే సముద్రం చేపలైనా సరే, చెరువు రోహు అయినా సరే, పచ్చిగా తూచినప్పుడు 150 గ్రాములు ఉంటే పాతిక గ్రాములకు పైనే ప్రొటీన్. ఒక కప్పు గట్టి పప్పు 7, ఒక పెద్ద కప్పు పెరుగు 7, ఒక కప్పున్నర అన్నంలో 5. సాయంత్రం జిమ్ముకు ముందు గ్లాసు పాలల్లో పంచదార కలపని శనగ ఛతువా (వేయించిన శనగల పిండి) రెండు చెంచాలు, అది 14. రాత్రి రెండు చపాతీలు, ఎముకలు తీసి తూచినప్పుడు 120 గ్రాములుండే చికెన్, బీరకాయో బెండకాయో. అక్కడ 30 దాకా వస్తుంది. మొత్తం కలుపుకోండి, 110 దాటింది. కేలరీలు పంతొమ్మిది వందల చిల్లర. అన్నం మానలేదు, డబ్బా కొనలేదు. కొనగలిగినవాళ్లు కొనుక్కుంటే తప్పులేదు. అది పాల నుంచి తీసిన పొడే, మందు కాదు. దాని పక్కన అమ్మే ఫ్యాట్ బర్నర్ల జోలికి మాత్రం వెళ్లకండి, కుర్రాళ్లకి గుట్టుగా అందే ఇంజెక్షన్ల జోలికి అసలే వద్దు.

కార్తీకంలో ఏం చేయాలని ప్రతి ఏడాదీ అడుగుతారు. మా ఊళ్లో ఆ నెలంతా చాలా ఇళ్లలో నీచు వండరు, మామూలు నెలల్లో కూడా సోమవారం, గురువారం ముట్టుకోని ఇళ్లు బోలెడు. అలాంటప్పుడు మీల్‌మేకరే దిక్కు. ఎండువి 100 గ్రాముల్లో 52 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 50 గ్రాములు నానబెట్టి పిండి కూర చేస్తే 26 వచ్చేసినట్టే. ఉలవచారు కన్నా ఉడికించిన ఉలవలే తినండి, చారులోకి వచ్చేది తక్కువ. ఛెన్నా (విరిగిన పాల ముద్ద) కూడా మంచిదే, అది పంచదార పాకంలో పడకముందు. వేరుశనగల్ని ప్రొటీన్ అనుకుని గుప్పిళ్లకు గుప్పిళ్లు తినేవాళ్లున్నారు. 100 గ్రాముల్లో ప్రొటీన్ 25 గ్రాములుంటే కేలరీలు 560 పైచిలుకు. అవి నూనెగింజలన్న సంగతి మరిచిపోకండి. రాగి అంబలి కూడా అంతే, ఎండలో చల్లగా హాయిగా ఉంటుంది, కానీ 100 గ్రాముల రాగుల్లో ప్రొటీన్ 7 గ్రాములే. అన్నం బదులు తాగండి, గుడ్డు బదులు కాదు.

పఖాళొ, అంటే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం గురించి చెప్పకపోతే ఊళ్లో తిరగనివ్వరు. చద్దన్నం తింటే లావైపోతారన్నది ఉత్త మాట. నీళ్లలో నానినంత మాత్రాన అన్నం కేలరీలు పెరగవు. ఏప్రిల్, మే నెలల్లో చెమటతో పోయిన నీరూ ఉప్పూ దాంతోనే తిరిగి వస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, నీళ్లలో తేలుతుంది కాబట్టి ఎంత అన్నం వేసుకున్నామో తెలియదు. నీళ్లు పోయకముందే కప్పుతో కొలవండి. పక్కన వేయించిన బడులు (వడియాలు), ఆలు వేపుడు, అప్పడం మూడూ వద్దు, వాటిలో ఒకటి చాలు. మిగిలిన చోట చేప ముక్కో గుడ్డో పెట్టుకోండి.

ఇంట్లో అందరికీ ఒకేసారి ఉపయోగపడే పని ఒకటుంది. నూనె లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా ఖాళీ అవుతోందంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే పడుతోంది. అంటే సుమారు 340 కేలరీలు, పళ్లెంలో కంటికి కనిపించకుండా. దాన్ని మూడు లీటర్లకు దించితే మనిషికి రోజుకు 140 కేలరీలు తగ్గాయి, ఎవరి అన్నమూ తగ్గలేదు. "వేపుళ్లు లేకపోతే మా ఆయన అన్నం ముట్టరు" అన్న ఒకావిడ నూనె సీసాను పక్కన పెట్టి, చెంచాతో మాత్రమే పోయడం మొదలుపెట్టింది. వేపుడు వేపుడే, వాళ్లాయన ఇప్పటికీ కనిపెట్టలేదట.

ఇప్పుడు కార్డియో, అంటే నడక, పరుగు లాంటివి. దీన్ని ఆఖర్న పెట్టానంటే పనికిరాదని కాదు. గుండెకూ, ఊపిరికీ, రక్తంలో చక్కెరకూ ఇది కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండలకు పని అని చెప్తుంది. కానీ పొట్ట కరగడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే లెక్క తేలదు. 78 కిలోల మనిషి 40 నిమిషాలు గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు 200 కేలరీలు. రామలింగం పార్కు చుట్టూ తిరిగి వచ్చి, గేటు బయట రెండు బరాలు తింటే చెల్లుకు చెల్లు.

పరుగు మరీ ఎక్కువైతే బరువులకు అడ్డం వస్తుంది కూడా. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు పది వారాలపాటు కొందరి చేత బరువులు మాత్రమే, కొందరి చేత పరుగు, సైకిల్ మాత్రమే, కొందరి చేత రెండూ చేయించాడు. రెండూ చేసినవాళ్ల బలం మొదట్లో బాగానే పెరిగి, ఏడెనిమిది వారాల తర్వాత ఆగిపోయి, చివర్లో కాస్త దిగింది కూడా. కానీ వాళ్లు చేసింది వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు కఠినమైన కార్డియో. మన నడకలతో ఆ భయం లేదు. దీన్నిబట్టి నేను పాటించేది ఇంతే. రెండూ ఒకే రోజు చేయాల్సి వస్తే బరువులు ముందు, నడక తర్వాత. కాళ్ల వ్యాయామం చేసిన మర్నాడు పరుగు వద్దు. మంగళ, గురు, శనివారాల్లో 40 నిమిషాల వేగం నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగానికి కొలత. ఆదివారం కుటుంబంతో ఎటైనా వెళ్లండి. గోపాలపూర్ ఇసుకలో చెప్పులు విప్పి నడవండి, లేదంటే తారాతారిణి కొండ ఎక్కండి. మెట్లు 999 అంటారు, రోప్‌వే ఉన్నా నేను మెట్లే ఎక్కమంటాను. దిగేటప్పుడు మోకాళ్లు నొప్పులున్నవాళ్లు మాత్రం రోప్‌వేలో దిగండి, మొహమాటం అక్కర్లేదు.

ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని పరిగెత్తేవాళ్లకి దండం పెడుతున్నా, మానేయండి. పోయేది నీరు. రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. సముద్రం గాలి తేమకు ఇక్కడ చెమట ఆరనే ఆరదు, దాని మీద జాకెట్ కూడానా! వడదెబ్బ తగిలితే ఆసుపత్రే. పొట్ట కోసం రోజూ వంద సిటప్స్ తీసేవాళ్లకీ ఇదే మాట, కింద కండ గట్టిపడుతుంది, పైన కొవ్వు తన వంతు వచ్చినప్పుడే పోతుంది.

నిద్ర గురించి ఒక్క ముక్క. 2010లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఒకే తిండి తింటూ ఎనిమిదిన్నర గంటలు పడకలో గడిపినప్పటికన్నా ఐదున్నర గంటలే గడిపినప్పుడు మనుషుల ఒంట్లో కొవ్వు సగానికి పైగా తక్కువ కరిగింది, కండ ఎక్కువ పోయింది. రాత్రి పదకొండింటికి కొట్టు మూసి, పన్నెండున్నర దాకా ఫోను చూసి, ఐదింటికి జిమ్ముకు వచ్చే అన్నయ్యల్ని నేను వెనక్కి పంపేస్తాను. సాయంత్రం రమ్మంటాను.

కొలతకు తూకం యంత్రం ఒక్కటే సరిపోదు. కొత్తగా బరువులెత్తేవాళ్లలో కండ పెరుగుతూ కొవ్వు తగ్గుతుంటే ముల్లు కదలదు, టెన్షన్ మొదలవుతుంది. టైలర్ టేపు ఒకటి కొనుక్కుని పొద్దున్నే ఏమీ తినకముందు బొడ్డు దగ్గర కొలవండి. పొట్ట లోపలికి పీల్చకుండా సుమండీ. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. బరువు వారంలో మూడు నాలుగు సార్లు చూసి సగటు తీయండి, ముందు వారం సగటుతో పోల్చండి. నోట్‌బుక్కులో స్క్వాట్ అంకె పెరుగుతూ, టేపు అంకె తగ్గుతూ ఉంటే ముల్లు ఏం చెప్పినా పట్టించుకోవద్దు.

మూడు వారాలైనా టేపూ, తూకమూ రెండూ కదలకపోతే అప్పుడు మార్చండి, ఒకేసారి అన్నీ కాదు. ముందు నూనె డబ్బా చూడండి. తర్వాత శని, ఆదివారాలు చూడండి. ఐదు రోజులు మిగిల్చింది రెండు విందుల్లో పోతుంటుంది చాలామందికి. అవి రెండూ సరిగ్గానే ఉంటే రాత్రి ఒక చపాతీ తీసేయండి, లేదా రోజుకు రెండు వేల అడుగులు కలపండి. ప్రొటీన్ తగ్గించకండి. రెండు మూడు నెలలు తగ్గాక ఒకటి రెండు వారాలు ఖర్చుకు సరిపడా తిని, ఒంటికీ మనసుకూ సెలవివ్వండి. ఆ వారాల్లో బార్ మీద అంకె ఎక్కుతుంది, చూడండి.

అనుకున్న నడుముకు వచ్చాక పాత పళ్లేనికి ఒక్కసారిగా దూకకండి. ముందుగా మధ్యాహ్నం అన్నం అర కప్పు పెంచి రెండు వారాలు చూడండి. టేపు కదలకపోతే రాత్రి చపాతీ తిరిగి తెచ్చుకోండి. నడకను వారానికి రెండు రోజులకు తగ్గించుకున్నా ఫర్వాలేదు, బరువులు మాత్రం మూడు రోజులూ ఉండాలి.